ఊరు చిన్నదైతే చదువు చిన్నదవుతుందా?

మార్చి నెలలో ఒక శుక్రవారం సాయంత్రం మా కుటుంబ వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ పెట్టాను. ‘అమ్మాయికి ఏమ్స్‌లో సీటొచ్చింది’ అని. హడావుడిలో అంతే రాశాను. గంట తిరక్కుండా నలభై అభినందనలు వచ్చాయి. నరసరావుపేట నుంచి మా పెదనాన్నగారి అబ్బాయి ఏకంగా ఫోనే చేశాడు. ‘‘ఒరేయ్, మంగళగిరి ఎయిమ్సా, ఢిల్లీ ఎయిమ్సా? అసలు నీట్ ఎప్పుడు రాసింది? మాకు మాట మాత్రం చెప్పలేదే!’’

‘‘ఎయిమ్స్ కాదన్నయ్యా, ఏమ్స్. ఇక్కడ అయోవా రాష్ట్రంలో ఒక ఊరు. అక్కడ అయోవా స్టేట్ యూనివర్సిటీలో ఇంజినీరింగ్. వ్యవసాయానికి సంబంధించిన ఇంజినీరింగ్.’’

అవతల కాసేపు మాట లేదు. తర్వాత అడిగాడు, ‘‘ఎంత ఊరది?’’

‘‘మన పేటలో సగం కంటే కాస్త ఎక్కువ ఉంటుంది.’’

‘‘అదేంట్రా, మీ డాలస్‌లో కాలేజీలే లేవా?’’

నవ్వుకున్నాను గానీ, ఆ తర్వాత ఆరు వారాలపాటు మా ఇంట్లో అన్నం దగ్గరా, కారులోనా, అర్ధరాత్రి మంచం మీదా ఇదే ప్రశ్న. ఇరవై రెండేళ్లుగా అమెరికాలో ఉంటున్న నేనూ మా అన్నయ్యలాగే ఆలోచిస్తున్నానని అప్పుడే తెలిసింది. పెద్ద ఊరు అంటే పెద్ద చదువు. చిన్న ఊరు అంటే వేరే గతి లేక వెళ్లే చోటు. ఈ లెక్క ఎంతవరకు నిజమో, ఇదే చర్చ నడుస్తున్న తెలుగు ఇళ్ల కోసం రాస్తున్నాను.

అన్నీ ఉన్న ఊరు

మేం ఉండేది డాలస్ శివారు ఫ్రిస్కోలో. ఇక్కడి తెలుగువాళ్లకు ఈ ఊరి గురించి చెప్పక్కర్లేదు. ఇంటి నుంచి పది నిమిషాల్లో హనుమాన్ గుడి. గోంగూర, దొండకాయ, మామిడికాయ అన్నీ దొరికే కొట్లు. ఆదివారం కూచిపూడి క్లాసు, శనివారం తెలుగు బడి. మా వీధిలో పదకొండు ఇళ్లుంటే ఆరు తెలుగువాళ్లవే. మా అమ్మాయి ఇక్కడ పెరిగింది. సంక్రాంతికి ముగ్గులు వేసింది, బతుకమ్మ ఆడింది. ఇంట్లో పసుపు అయిపోతే పక్కింటి ఆంటీని అడిగి తెచ్చేది.

కారెక్కితే అరగంటలోపే రిచర్డ్‌సన్‌లో యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్ ఎట్ డాలస్. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ కంపెనీ స్థాపకులు 1961లో పెట్టిన పరిశోధన కేంద్రం నుంచి పుట్టి, 1969లో యూనివర్సిటీగా మారింది. మంచి చదువు. మా స్నేహితుల పిల్లల్లో సగం మంది అక్కడే. మా అమ్మాయికి అక్కడ కంప్యూటర్ సైన్స్‌లో సీటొచ్చింది. ఇంట్లోంచి వెళ్లి రావచ్చు. ఇన్-స్టేట్ ఫీజు. రాత్రికి ఇంట్లో అన్నం. ఇంతకంటే ఏం కావాలి?

తనకు కావలసింది వేరే ఉంది. తొమ్మిదో తరగతి నుంచి రెండు వేసవుల్లో మా నాన్నగారి దగ్గర, పల్నాడులోని మా ఊళ్లో ఉంది. రెండోసారి వెళ్లినప్పుడు అక్కడ కబుర్లన్నీ ఆ ఏడాది మిర్చి కోతల గురించే. కోతకు కూలీలు దొరక్క నాన్నగారు నాలుగు ఊళ్లు ఫోన్లు చేశారట. దొరికేసరికి కాయ సగం చెట్టు మీదే ఎండిపోయిందట. కూలికి పోను మిగిలిందెంతో తాత పుస్తకంలో రాసుకున్న లెక్క మా అమ్మాయి ఫొటో తీసుకుని తెచ్చింది. అప్పటి నుంచి యంత్రాలు, సెన్సర్లు, నేల అంటూ ఏవేవో చదవడం మొదలుపెట్టింది. టెక్సాస్‌లోనే ఇలాంటి కోర్సు ఒకదానికి దరఖాస్తు పెట్టింది, రాలేదు. ఏమ్స్‌లో వచ్చింది. కొంత స్కాలర్‌షిప్ కూడా ఇచ్చారు.

మొదట నేనే వద్దన్నాను. ‘‘వ్యవసాయం నుంచి బయటపడటానికే కదమ్మా మేం ఇంత దూరం వచ్చింది’’ అన్నాను. తను నాకేసి చూసి, ‘‘తాతయ్య బయటపడలేదు కదా నాన్నా’’ అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. అందుకని మాట మార్చి, ఊరు చిన్నది అన్నాను.

నా చిన్న ఊరు

ఆ మాటనే హక్కు నాకు లేదు. 2002 ఆగస్టులో నేను ఎంఎస్‌కు వచ్చింది మిస్సోరి రాష్ట్రంలో రోలా అనే ఊరికి. సెయింట్ లూయిస్ నుంచి ఐ-44 మీద నైరుతి దిక్కుగా వంద మైళ్లు. జనాభా ఇరవై వేలలోపు. అప్పుడు ఆ యూనివర్సిటీ పేరు యూనివర్సిటీ ఆఫ్ మిస్సోరి-రోలా, 2008 నుంచి మిస్సోరి ఎస్ అండ్ టి. 1870లో గనుల చదువుల కోసం పెట్టిన బడి అది. మార్చి వస్తే సెయింట్ ప్యాట్రిక్ పండుగకు ఊరి మధ్యలో పైన్ స్ట్రీట్ మొత్తానికీ ఆకుపచ్చ రంగు వేస్తారు. వీధికి రంగు వేయడమేమిటో ఆ రోజు నాకర్థం కాలేదు. రెండో ఏడాది రంగు బకెట్ పట్టుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను.

ఇవన్నీ గుర్తుచేసుకుని ఒక రాత్రి మా ఆవిడతో, ‘‘నేను బతకలేదా చిన్న ఊళ్లో?’’ అన్నాను. మా ఆవిడ ఊరుకునే మనిషి కాదు. ‘‘మీరు వెళ్లినప్పుడు మీకు ఇరవై మూడేళ్లు. దానికి పద్దెనిమిది. మీ అపార్ట్‌మెంట్‌లో మరో ముగ్గురు గుంటూరు వాళ్లు. పొద్దున లేస్తే తెలుగు, రాత్రికి పప్పుచారు. మీరు ఉన్నది రోలాలో కాదు, రోలాలో ఒక తెలుగు గదిలో’’ అంది.

నిజమే. మొదటి సెమిస్టర్‌లో నేను ప్రొఫెసర్లతో తప్ప ఇంకే అమెరికన్‌తోనూ గట్టిగా పది వాక్యాలు మాట్లాడలేదు. నెలకోసారి సీనియర్ కారులో సెయింట్ లూయిస్ వెళ్లి బియ్యం బస్తా, కందిపప్పు, ఆవకాయ తెచ్చుకునేవాళ్లం. దారిలో గుడి. అదే మా పండుగ.

మార్పు వచ్చింది డబ్బులు అయిపోయాకే. స్టూడెంట్ వీసా మీద సెమిస్టర్ నడిచేటప్పుడు క్యాంపస్‌లో వారానికి ఇరవై గంటలకు మించి పనిచేయకూడదు. ఆ ఇరవై గంటలు నేను డైనింగ్ హాల్లో ప్లేట్లు కడిగాను. నా పక్కన కడిగేవాడు ఓజార్క్ కొండల్లోని ఒక పల్లెటూరి కుర్రాడు. వాళ్ల ఇంట్లో కాలేజీకి వచ్చిన మొదటివాడు. నా ఇంగ్లిష్ అతనికి, అతని ఇంగ్లిష్ నాకు అర్థం కావడానికి నెల పట్టింది. యూనివర్సిటీ వాళ్లు పరిచయం చేసిన ఒక పెద్ద దంపతులు థ్యాంక్స్‌గివింగ్‌కు భోజనానికి పిలిచారు. నేను మాంసం తిననని తెలిసి ఆ పెద్దావిడ బంగాళాదుంపల్లో చికెన్ రసం పోయకుండా వేరే గిన్నెలో ఉంచింది. డ్రైవింగ్ పరీక్షకు కారు ఇచ్చింది ఆ పెద్దాయనే. పెద్ద ఊళ్లో అయితే ఇవన్నీ చేసిపెట్టడానికి ఎవరో ఒక తెలుగు సీనియర్ ఉండేవాడు. రోలాలో అడిగితేనే జరిగేవి. అడగడం నాకు అక్కడే అలవాటైంది. ఈ దేశంలో నేను సంపాదించుకున్న దాంట్లో డిగ్రీ తర్వాత ఎక్కువ పనికొచ్చింది ఆ అలవాటే.

కాబట్టి మా ఆవిడ మాటా నిజమే, నా మాటా నిజమే. ఊరు చిన్నదైనంత మాత్రాన మనిషి మారడు. గది దాటి బయటికి రావలసిన అవసరం పడాలి.

యూనివర్సిటీలు పొలాల మధ్య ఎందుకున్నాయి?

మనకు ఒక లెక్క ఉంది. మంచి కాలేజీ అంటే హైదరాబాద్, విశాఖ, విజయవాడ. అసలు మన దగ్గర కూడా ఈ లెక్క పూర్తిగా నిజం కాదు. నేను బీటెక్ చదివింది బాపట్లలో. బిట్స్ ఉన్నది రాజస్థాన్‌లో పిలానీ అనే చిన్న ఊళ్లో. మొదటి ఐఐటీ 1951లో మొదలైంది ఖరగ్‌పూర్ దగ్గర హిజ్లీలో, ఒకప్పటి జైలు భవనంలో. ఐనా ‘పెద్ద ఊరు వెళ్తేనే చదువు’ అన్నది మన నోట్లో సామెతలా పాతుకుపోయింది.

అమెరికాలో ఇది ఇంకా తిరగబడుతుంది. 1862లో అబ్రహాం లింకన్ మొరిల్ చట్టం మీద సంతకం పెట్టాడు. రాష్ట్రాలకు కేంద్రం భూములిస్తుంది, వాటిని అమ్మిన డబ్బుతో వ్యవసాయం, ఇంజినీరింగ్ నేర్పే కాలేజీలు పెట్టాలి అన్నది దాని సారాంశం. ఆ భూముల్లో చాలావరకు ఇక్కడి ఆదివాసుల నుంచి తీసుకున్నవే అన్న చేదు చరిత్ర కూడా దాని వెనక ఉంది. ఆ చట్టాన్ని మొదట ఒప్పుకున్న రాష్ట్రం అయోవా. పర్డ్యూ ఉన్న వెస్ట్ లఫయెట్, ఇల్లినాయ్ యూనివర్సిటీ ఉన్న అర్బానా-షాంపేన్, పెన్ స్టేట్ ఉన్న స్టేట్ కాలేజ్, కోర్నెల్ ఉన్న ఇథాకా, ఇవన్నీ ఆ చట్టంతో ముడిపడిన చదువుల ఊళ్లే. పొలం గురించి నేర్పే బడి పొలం పక్కనే ఉండాలి కదా.

ఇందులో మా కంప్యూటర్ వాళ్లు తెలుసుకోవలసిన సంగతి కూడా ఉంది. మొదటి ఎలక్ట్రానిక్ డిజిటల్ కంప్యూటర్లలో ఒకటి తయారైంది ఈ ఏమ్స్‌లోనే. జాన్ అటనసాఫ్ అనే ప్రొఫెసర్, క్లిఫర్డ్ బెర్రీ అనే విద్యార్థి కలిసి 1939-42 మధ్య ఫిజిక్స్ భవనం కింది గదిలో దాన్ని కట్టారు. సామాన్యులకు వెబ్‌ను దగ్గర చేసిన మొజాయిక్ బ్రౌజర్ 1993లో వచ్చింది అర్బానా-షాంపేన్ నుంచి. మన అన్నం గిన్నె నింపిన పరిశ్రమ వేళ్లు మొక్కజొన్న చేల మధ్యే ఉన్నాయని పాతికేళ్లు కోడ్ రాసిన నాకు మా అమ్మాయి చెబితే గానీ తెలియలేదు.

చూసి వద్దాం

ఏప్రిల్ మొదటి వారంలో ముగ్గురం కారులో బయల్దేరాం. విచిత్రం ఏమిటంటే మా ఇంటి దగ్గర్లో ఉన్న ఐ-35 రోడ్డే ఓక్లహోమా సిటీ, విచిటా, కాన్సస్ సిటీ, డెమోయిన్ మీదుగా ఏమ్స్ పక్క నుంచి పోతుంది. ఒకటే రోడ్డు, సుమారు 700 మైళ్లు. కాన్సస్ సిటీలో రాత్రి ఆగి, మర్నాడు మధ్యాహ్నానికి చేరాం.

అయోవాలోకి వచ్చాక రెండు పక్కలా ఇంకా విత్తని పొలాలు. నేల నల్లగా మెరుస్తోంది. ‘‘మన నల్లరేగడే!’’ అన్నాను. ‘‘రంగు అదే నాన్నా, మట్టి వేరు. మనది బంకమట్టి, ఎండితే బీటలు వేస్తుంది. ఇది వేల ఏళ్లు గడ్డి వేళ్లు కుళ్లి నల్లబడింది’’ అంది. కారు నడుపుతున్న నేనేం మాట్లాడలేదు. కంప్యూటర్ సైన్స్ గురించి తను ఎప్పుడూ ఇలా మాట్లాడగా వినలేదు.

ఊరి జనాభా సుమారు 66 వేలు. అందులో దగ్గర దగ్గర సగం విద్యార్థులే. క్యాంపస్ మధ్య గంటల స్తంభం, చిన్న చెరువు, అందులో రెండు హంసలు. సైరైడ్ అనే బస్సులు ఊరంతా తిరుగుతాయి, స్టూడెంట్ కార్డు చూపిస్తే టికెట్ అక్కర్లేదు. చలి మాత్రం ఏప్రిల్‌లో కూడా చెవులు కోసింది. ఆ రోజు సాయంత్రం సన్నగా మంచు పడింది. మా ఆవిడ నాకేసి చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

డిపార్ట్‌మెంట్‌లో ఒక ల్యాబ్‌కు తీసుకెళ్లారు. విత్తనాలు వేసే యంత్రాన్ని విప్పి నేల మీద పరిచి, దాని సెన్సర్లు సరిచేస్తున్నారు విద్యార్థులు. అందులో ఒకమ్మాయి, అయోవా రైతుల పిల్ల, మా అమ్మాయిని అడిగింది, ‘‘మీ తాతగారు ఏం పండిస్తారు?’’ అని. మిర్చి అంది. ‘‘ఎలా కోస్తారు?’’ చేత్తో అంది. ‘‘అంతా చేత్తోనేనా? ఎన్నిసార్లు?’’ ఇక అక్కడి నుంచి ఇద్దరూ నేల మీద కూర్చున్నారు. కాయలన్నీ ఒకేసారి పండవు, ఎర్రబడినవి మాత్రమే ఎలా గుర్తుపట్టాలి, కొమ్మ విరక్కుండా ఎలా లాగాలి అని కాగితం మీద గీతలు. ముప్పావు గంట. మేమిద్దరం గోడ పక్కన నిలబడ్డాం. ‘‘ఫ్రిస్కోలో దీని తాత మిర్చి గురించి ఇన్నాళ్లలో ఒక్కరైనా అడిగారా?’’ అని మా ఆవిడే నా చెవిలో అంది.

మర్నాడు ఏమ్స్‌కూ డెమోయిన్‌కూ దగ్గర్లో మాడ్రిడ్ అనే చిన్న ఊళ్లో ఉన్న హిందూ దేవాలయానికి వెళ్లాం. అక్కడ పీహెచ్‌డీ చేస్తున్న ఒక తెలుగు జంట కనిపించారు. దీపావళి సంగతి అడిగితే, ‘‘ఇక్కడ తమిళులు, గుజరాతీలు, బెంగాలీలు, నేపాలీలు అందరూ కలిస్తే గానీ హాలు నిండదక్కా’’ అన్నాడు ఆ అబ్బాయి. మా దగ్గరైతే జిల్లాకో సంఘం పెట్టినా హాళ్లు నిండుతాయి. అది మంచో చెడో నేను చెప్పను గానీ, రెండూ ఒకటి కాదు.

చిన్న ఊరు అందరికీ కాదు

ఇంతవరకు చదివి నేను చిన్న ఊళ్లకు ప్రచారం చేస్తున్నానని అనుకోవద్దు. మా స్నేహితుడి కొడుకు ఉత్తరాది రాష్ట్రంలోని ఒక చిన్న ఊరికి వెళ్లి రెండో సెమిస్టర్ మధ్యలో తిరిగొచ్చేశాడు. వాడు తెలివైనవాడు. కానీ ఆ కాలేజీ ఎంచుకుంది ర్యాంకుల జాబితా చూసి వాళ్ల నాన్న. శీతాకాలంలో సాయంత్రం అయిదింటికే చీకటి. రూమ్మేట్ ప్రతి శుక్రవారం సొంతూరికి పోయేవాడు. కారు లేదు. శని ఆదివారాలు గదిలో ఒక్కడే. ఫోన్ చేస్తే ‘అంతా బాగుంది’ అనేవాడు. బాగాలేదని వాళ్లకు తెలిసేసరికి పరీక్షలు తప్పాడు. ఇప్పుడు డాలస్‌లోనే చదువుకుంటున్నాడు, కులాసాగా ఉన్నాడు. ఊరిది తప్పనను. వాడికేం కావాలో వాణ్ని ఎవరూ అడగలేదు. ఈ సంగతి వాళ్ల నాన్నే నాకు చెప్పి, రాయమన్నాడు.

డబ్బు సంగతి. స్కాలర్‌షిప్ తీసేసినా, వేరే రాష్ట్రం ఫీజు, హాస్టల్, భోజనం కలిపి, ఇంట్లోంచి వెళ్లి వచ్చే చదువుతో పోలిస్తే మా లెక్కలో ఏడాదికి సుమారు 16 వేల డాలర్లు ఎక్కువ. నాలుగేళ్లకు 64 వేలు. ఇది చిన్న మొత్తం కాదు. ఏడాది అక్కడ ఉంటే ఇన్-స్టేట్ ఫీజు వచ్చేస్తుందని కొందరు నమ్మకంగా చెబుతారు. చదువు కోసమే వెళ్లిన విద్యార్థికి అంత సులువుగా రాదు, దాన్ని నమ్ముకుని లెక్కలు వేయొద్దు. ఇంటి మీద అప్పు తెచ్చి, రిటైర్మెంట్ డబ్బు తీసి పంపాల్సి వస్తే నేనైతే దగ్గరి కాలేజీకే ఓటు వేస్తాను. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

కంప్యూటర్ సైన్స్ చదవాలనుకునే పిల్లలకు డాలస్, ఆస్టిన్ లాంటి చోట్ల సెమిస్టర్ మధ్యలో కూడా ఇంటర్న్‌షిప్ చేసే వీలుంటుంది. అదీ నిజమే. వ్యవసాయ యంత్రాలకైతే లెక్క తిరగబడుతుంది. జాన్ డీర్ ట్రాక్టర్ల ఫ్యాక్టరీ ఉన్న వాటర్లూ, ఇతర యంత్రాలు తయారుచేసే యాంకెనీ రెండూ అయోవాలోనే ఉన్నాయి. ఏ చదువుకు ఏ ఊరు దగ్గరో చూడాలి గానీ, ఏ ఊరు పెద్దదో కాదు.

వెళ్లే ముందు అడగాల్సినవి

మేం ఆరు వారాల్లో నేర్చుకున్నవి చెబుతాను. ఇండియా నుంచి ఎంఎస్‌కు వచ్చే మీ బంధువుల పిల్లలు ఫోన్ చేసినా ఇవే చెప్పండి.

మొదటిది, ఊరి కంటే ముందు డిపార్ట్‌మెంట్ చూడండి. అనుకున్న శాఖలో నేరుగా సీటిచ్చారా, ఏడాది తర్వాత మళ్లీ పోటీ పడాలా? మనసు మారి శాఖ మార్చుకుంటే అదే యూనివర్సిటీలో వేరే మంచి శాఖలున్నాయా? పద్దెనిమిదేళ్ల పిల్లల మనసు మారడం తప్పు కాదు.

రెండు, ఇంటి నుంచి అక్కడికి తలుపు నుంచి తలుపుకు ఎన్ని గంటలు? మైళ్లు కాదు, గంటలు. డెమోయిన్ నుంచి డాలస్‌కు నేరుగా విమానం ఉంది కాబట్టి ఏదైనా అవసరం వస్తే అదే రోజు చేరగలం. రెండు విమానాలు మారి, ఆపైన మూడు గంటలు డ్రైవ్ చేయాల్సిన ఊళ్లూ ఉన్నాయి.

మూడు, డాక్టరు. మనలో చాలామందికి తట్టని విషయం ఇది. మీ ఉద్యోగం ఇచ్చిన ఆరోగ్య బీమా వేరే రాష్ట్రంలో పనిచేస్తుందా? మాది హెచ్ఎంఓ, ఎమర్జెన్సీకి తప్ప టెక్సాస్ దాటితే పనికిరాదు. యూనివర్సిటీ వాళ్ల బీమా తీసుకోవాల్సి వచ్చింది, ఆ ఖర్చూ లెక్కలో కలిపాం. క్యాంపస్‌లో కౌన్సెలర్ అపాయింట్‌మెంట్ ఎన్నాళ్లకు దొరుకుతుందో కూడా అడగండి. అడగడానికి మొహమాటపడకండి.

నాలుగు, ఊరిని ఎండలో, పూలు పూసినప్పుడు కాకుండా చలిలో చూడండి. కుదరకపోతే శుక్రవారం సాయంత్రం క్యాంపస్‌లో తిరగండి. సొంతూరు దగ్గరున్నవాళ్లంతా వెళ్లిపోయాక ఎవరు మిగిలారో, వాళ్లేం చేస్తున్నారో చూస్తే సగం తెలుస్తుంది.

అయిదు, కారు. బస్సు లేని చిన్న ఊళ్లు చాలా ఉన్నాయి. అక్కడ కారు లేకపోతే కాళ్లు లేనట్టే. కారు, ఇన్సూరెన్స్ ఖర్చు ముందే లెక్కేసుకోండి.

చివరిది, అసలైనది: ఎంచుకున్నది ఎవరు? పిల్ల ఎంచుకున్న ఊళ్లో కష్టం వస్తే తట్టుకోవడానికి తనకంటూ ఒక కారణం ఉంటుంది. మనం ఎంచుకున్న ఊళ్లో కష్టం వస్తే ఆ కారణం మన దగ్గరే ఉండిపోతుంది, తన దగ్గర ఉండదు.

మా నిర్ణయం

మే 1 గడువు. ఏప్రిల్ 28 రాత్రి ముగ్గురం డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చున్నాం. మొదటి ఏడాది విద్యార్థి పేరు మీద వచ్చే ఫెడరల్ లోన్ పరిమితి 5,500 డాలర్లు. అది తనే తీసుకుంటానంది మా అమ్మాయి. మిగతా తేడా కోసం మేం కొత్త కారు కొనడం మానుకున్నాం. మా ఆవిడ ఒకే ఒక్క షరతు పెట్టింది. ‘‘బాగాలేకపోతే బాగాలేదని చెప్పాలి. తిరిగొచ్చేస్తే ఎవరేమనుకుంటారో అని అక్కడే కూర్చోకూడదు.’’ సరేనంది. డిపాజిట్ కట్టే బటన్ మా ఆవిడే నొక్కింది.

నాకైతే ఇంకా భయం పోలేదు. రోజూ రాత్రి గరాజ్ తలుపు చప్పుడు విని, ‘వచ్చింది’ అనుకుని పడుకునే అలవాటు నాది. ఊరు చిన్నదని నేను చెప్పిన కారణాల్లో సగం నిజానికి ఆ చప్పుడు గురించే అని ఒప్పుకుంటున్నాను.

మర్నాడు నాన్నగారికి వీడియో కాల్ చేశాం. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి. ఆయన ఊరెంత, ర్యాంకెంత, ఫీజెంత అని అడగలేదు. ‘‘అక్కడ ఏం పండుతుందమ్మా?’’ అన్నారు.

‘‘మొక్కజొన్న, సోయాబీన్ తాతయ్యా. ఇక్కడ చదువుకున్న హెన్రీ వాలెస్ అనే ఆయనే 1926లో హైబ్రిడ్ మొక్కజొన్న విత్తనాల కంపెనీ పెట్టాడు. తర్వాత అమెరికా వైస్ ప్రెసిడెంట్ కూడా అయ్యాడు. ఆ కంపెనీయే పయనీర్.’’

‘‘పయనీరా! మన కొట్లో ఆ సంచులే ఉంటాయి కదే’’ అన్నారు నాన్న. ఆయన మొహంలో ఏమ్స్ ఒక్కసారిగా దగ్గరైపోయింది. తర్వాత నాకేసి తిరిగి, ‘‘నువ్వెందుకు అలా ఉన్నావురా?’’ అన్నారు.

ఊరు చిన్నది, ఒక్కతే ఉండాలి అని ఏదో గొణిగాను.

‘‘ఇంటర్‌కి నిన్ను గుంటూరు హాస్టల్లో వేసినప్పుడు మీ అమ్మ మూడు రోజులు సరిగా అన్నం తినలేదు. అంత పెద్ద ఊళ్లో పిల్లాడేమైపోతాడో అని. అప్పుడు ఊరు పెద్దదని దాని భయం. ఇప్పుడు చిన్నదని నీ భయం. పంపకుండా ఉన్నామా?’’ అన్నారు.

ఆగస్టు మూడో వారంలో ఐ-35 ఎక్కుతాం. రైస్ కుక్కర్ ఒకటి కొన్నాం, చిన్నది. ఆవకాయ వద్దంటోంది మా అమ్మాయి, డార్మ్ గదంతా వాసన వస్తుందట. మా ఆవిడ మాత్రం ఒక సీసా ఎక్కడో సర్దేసే ఉంటుంది.